జవాబు పేజీలకు టాకాలు

మా వీధి అంతా కాజాల అక్క అని పిలిచే మనిషి మా నాన్నకు అక్క, నాకు అత్తయ్య. మా ఇంటి ముందు గదిలో, కిటికీ కింద, ఆమె కుట్టుమిషను ఉండేది. మిషను నూనె వాసన, కత్తిరించిన కొత్త బట్ట వాసన కలిసిన ఆ గది ఇప్పుడు వేరెవరి ఇంట్లోనో పడకగది అయిందని విన్నాను. చొక్కాలకు గుండీలు దూరే కాజాలు చేత్తో తీయడంలో పేరు తెచ్చుకున్న ఆమెకు సైన్సు అంటే మాత్రం చెమటలు పట్టేవి. ఆ ఒక్క సబ్జెక్టు తప్పి చదువు మానేసిన మనిషి. అటువంటి మనిషి చేతిలో నా రసాయనశాస్త్రమూ భౌతికశాస్త్రమూ పడ్డాయి.

అందుకు కారణం నేనే. ఐదో తరగతిలో టీచరు చెప్పిన ప్రతి మాటకూ రుజువు అడుగుతున్నానని బడివాళ్ళు నాన్నను పిలిపించారు. ఈ పిల్ల ఉంటే పాఠం ముందుకు కదలదన్నారు. ఎక్కడో దూరాన ఉన్న హాస్టలు బడిలో వేస్తే దారిలో పడతానని నాన్న నిశ్చయించాడు. నేను అన్నం మానేశాను. నర్సు ఉద్యోగం చేసే అమ్మ డ్యూటీకి బయలుదేరుతూ, "మీ అక్కాతమ్ముళ్ళు తేల్చుకోండి," అనేసింది.

"ఒక్క ఏడాది నా దగ్గర వదిలిపెట్టరా. ఇంట్లోనే నేను చెప్తా," అంది అత్తయ్య.

"లెక్కలూ భాషా అంటే సరే అక్కా. సైన్సు ఎవరు చెప్తారు? నీకు థర్మామీటరు చూడ్డమే రాదు."

"రాదు కాబట్టే దాంతోపాటు నేర్చుకుంటా. నీకు వచ్చి నువ్వేం ఉద్ధరించావు?"

నాన్న ఒప్పుకున్నాడు, ఒక షరతు మీద. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే తన స్నేహితుడు ఏడాది చివర వచ్చి నన్ను పరీక్షిస్తాడు. ఆయన పెదవి విరిస్తే హాస్టలే.

ఇక పుస్తకాల వేట మొదలైంది. అత్తయ్య నన్ను వెంటబెట్టుకుని పుస్తకాల కొట్టుకు వెళ్ళి, ఒక్కొక్క పుస్తకాన్నీ బట్ట నాణ్యం చూసినట్టు వేళ్ళ మధ్య నలిపి చూసేది. తరువాత ప్రతి ప్రయోగం దగ్గరా ఆగి, పేజీ తిప్పి, మళ్ళీ వెనక్కి తిప్పేది.

"అందరూ ఇదే తీసుకుంటున్నారమ్మా. రంగుల బొమ్మలు, గట్టి అట్ట," అన్నాడు కొట్టు యజమాని.

"బాగుందయ్యా. కానీ ప్రయోగం, ఫలితం ఒకే పేజీలో ఉన్నాయి."

"మంచిదేగా. తిప్పే పని తప్పుతుంది."

"మాకు తిప్పే పనే కావాలి."

ఆయన నా వైపు జాలిగా చూశాడు. "మీ అత్తయ్య పుస్తకం కొంటుందా పాపా, పెళ్ళిసంబంధం చూస్తోందా?"

ఆమె ఎందుకలా వెతికేదో ఇంటికి వచ్చాక తెలిసేది. ముందుగా తాను చదివి, ఏం జరుగుతుందో చెప్పే పేజీ ఏదో గుర్తుపట్టి, అది లోపలికి పోయేలా రెండు కాగితాల అంచులు కలిపి, ఎర్ర దారంతో పెద్ద పెద్ద టాకాలు వేసేది. ప్రయోగం చేయాలి, చూడాలి, చూసినది నోటితో చెప్పాలి. అప్పుడే కత్తెర నా చేతికి వచ్చేది. ప్రశ్నా జవాబూ ఒకే పేజీలో ఉంటే కుట్టడానికి వీలుండదు. ఎంత పేరున్న పుస్తకమైనా అక్కడ ఓడిపోయేది. 'ఈ సంగతి పై తరగతులలో తెలుసుకుంటారు' అని రాసినదైతే చేతిలోంచే దిగిపోయేది. "ఇప్పుడడిగితే అప్పుడు చెప్తాడట, పెద్దమనిషి," అనేది.

పిల్లలకు ముందు జవాబు అందించి తరువాత ప్రశ్న అడిగే పుస్తకాలను ఈనాటికీ అచ్చువేస్తూనే ఉన్నారు. సాక్షిని విచారించకముందే తీర్పు చదివి వినిపించడం వంటి ఆ పని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ ఏడాది మా ముందు గదిలో జరగనిది లేదు. నేలమీది గుండుసూదులు ఏరే అయస్కాంతం కాగితం కింద నాట్యమాడింది. వెనిగరు, వంటసోడా కలిసి పొంగి, ఎవరిదో తెల్ల చొక్కా మళ్ళీ ఉతకవలసి వచ్చింది.

పరీక్ష దగ్గరపడుతుండగా కొవ్వొత్తి ప్రయోగం వచ్చింది. పళ్ళెంలో నీళ్ళు, మధ్యలో వెలిగించిన కొవ్వొత్తి, దానిమీద బోర్లించిన గాజు గ్లాసు. కొవ్వొత్తి ఆరింది, గ్లాసులోకి నీళ్ళు ఎక్కాయి. దారం కత్తిరించి చూస్తే, మంట ప్రాణవాయువును తినేసిందనీ, ఆ చోటులోకి నీళ్ళు వచ్చాయనీ ఉంది.

"మరి మండుతున్నప్పుడు ఎక్కలేదు కదత్తా. ఆరిపోయాకే గబుక్కున ఎక్కాయి. బోర్లించగానే అంచు నుంచి బుడగలు కూడా బయటికొచ్చాయి."

మేమే ఎక్కడో తప్పు చేశామనుకుంది అత్తయ్య. ఆ పేజీని మళ్ళీ కుట్టేసి, ప్రయోగం మళ్ళీ చేయించింది. ఎన్నిసార్లు చేసినా నీళ్ళు తమ మాట మార్చుకోలేదు. కొట్టుకు వెళ్ళి వేరే పుస్తకాలు తిరగేసింది. అన్నింటిలోనూ అదే జవాబు. తిరిగి వస్తూ దారిలో పరీక్ష గురించే ఆలోచించింది. పుస్తకంలోది అప్పజెప్పమని నాతో అంటే నేను ఇంట్లో ఉంటాను. చూసినది చెప్పమంటే ఏమవుతుందో తెలియదు.

గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తూ అంది: "పుస్తకంలో ఉన్నది చెప్పు. నువ్వు చూసిందీ చెప్పు. రెంటినీ కలిపెయ్యకు."

లెక్చరరు గారు వచ్చిన రోజున అమ్మ కూడా సెలవు పెట్టింది. ఆయన పుస్తకం తెరిచి, "ఈ చిల్లులేంటక్కయ్యా, చెదలా?" అన్నారు. అత్తయ్య సంగతి చెప్పింది. చిల్లులు అన్నింటికంటే ఎక్కువున్న పేజీ కొవ్వొత్తిదే. ఆయన దాని గురించే అడిగారు. నేను రెండూ చెప్పాను, విడివిడిగా.

"అచ్చులో ఉన్నది తప్పంటుందేంట్రా ఇది?" అన్నాడు నాన్న, నీరసంగా.

"ఉండరా. దీని కళ్ళు బాగానే ఉన్నాయి," అన్నారాయన. "మంట వేడికి గాలి ఉబ్బి కొంత బయటికి పోయింది. ఆరాక మిగిలింది చల్లబడి ముడుచుకుంది. నీళ్ళు ఎక్కింది ఎక్కువగా అందుకే. మా కాలేజీ పిల్లలూ పుస్తకంలోదే అప్పజెప్తారు, గ్లాసు వైపు చూడరు."

నాన్న కుర్చీలో వెనక్కి వాలాడు. "సరే అక్కా. ఇంకో ఏడాది నీ దగ్గరే ఉండనీ."

నేను ఎగరబోయాను. అత్తయ్య లేవలేదు.

"చల్లబడితే గాలి ఎందుకు ముడుచుకుంటుంది బాబూ?" అని ఆయనను అడిగింది. ఆయన అణువుల గురించి ఓపికగా చెప్పారు. ఆమె చివరిదాకా విని, నాన్న వైపు తిరిగింది.

"దీన్ని బడికి పంపరా. హాస్టలుకి కాదు. ఈయన కాలేజీ పక్కనున్న బడికి, పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చేలా. పై ఏడాది పుస్తకాలు మొన్న కొట్లో చూశాను. ఏది ప్రశ్నో ఏది జవాబో నాకే తెలీలేదు. ఇంక ఎక్కడ కుట్టను?"

"నువ్వు నేర్చుకుంటానన్నావుగా," అన్నాను నేను.

"నేర్చుకుంటానే. నెమ్మదిగా. నువ్వు నా కోసం ఆగుతావా?"

నేను విసురుగా లోపలికి వెళ్ళిపోయాను. ఆ కోపంలో యూనిఫారం కొలతలకు కూడా నిలబడలేదు. ఆమె నా పాత గౌను పరిచి, దాని కొలత మీదే కొత్తది కత్తిరించింది. పెరిగే పిల్లనని అంచు లోపలికి చాలా మడిచి కుట్టింది. ఏటా సెలవుల చివర ఆ మడత కొంచెం కొంచెం విప్పుతూ, బడిలో ఏం చెప్పారో అడుగుతూ ఉండేది. మూడో ఏడు వచ్చేసరికి విప్పడానికి మడత మిగలలేదు.