గొబ్బెమ్మలకు పంచిన గుమ్మడిపూలు

సూళ్లూరుపేటలో మా ఇంటి పెరడు ఉప్పునేల. ఎండకాస్తే పైన తెల్లగా ఉప్పు తేలుతుంది. బోరునీళ్లు నోట్లో పోసుకోలేం. వంగ, టమాటా రెండూ నా కళ్లముందే మాడిపోయాయి. ఇంట్లో మేం మాట్లాడుకునేది ఉర్దూనే గానీ, చిరాకు పుడితే మా ఆయన తెలుగులోకి దిగుతాడు.

"సిమెంటు పోయించేస్తా. వానొస్తే బండి జారతా ఉండాది. సంక్రాంతి పండగ పోయినాక మేస్త్రీ వస్తాడు."

"ఈలోపల ఒక్క కాయ కాయిస్తే?"

"కాయించు, అప్పుడు సిమెంటు మాటే ఎత్తను" అని నవ్వాడు. ఆ నవ్వుకు నాకు ఒళ్లు మండిపోయింది.

గుమ్మడి గింజలు పెట్టాను. బియ్యం కడిగిన నీళ్లు, చూరు కింద పట్టిన వాననీళ్లు, ఒక్క చెంబు పారబోయలేదు. ధనుర్మాసం వచ్చేసరికి తీగ గోడెక్కి విరగబూసింది.

తెల్లారకముందే వీధిలో ఆడవాళ్లు గొబ్బెమ్మల మీద పెట్టడానికి పూలు అడిగేవాళ్లు. మా ఇంట్లో గొబ్బెమ్మలు పెట్టరు గానీ, అడిగితే లేదనడం నాకు చేతకాదు. పైగా నా పెరటి పూలు వీధంతా వాకిళ్లలో కనబడుతుంటే ఎంత గర్వమో! ఒక్కటే షరతు: కింద పిందె ఉన్న పువ్వును ముట్టుకోకూడదు. మిగతావన్నీ నేనే కోసి ఇచ్చేదాన్ని. అబ్బో, నాకెంత తెలివో అనుకున్నాను.

పిందెలు మాత్రం గోలీకాయంత అయి, పసుపుబారి రాలిపోయేవి. ఆరోది రాలిన రోజు గట్టు మీద కూర్చుని ఏడ్చేశాను. పక్కింటి ముసలమ్మ వచ్చి తీగంతా కలియజూసింది.

"పిందె లేనివి పోతుపూలే తల్లీ. వాటి పొడి దీనికి తగిలితేనే కదా కాయయ్యేది? అన్నీ కోసి పంచిపెడితే పిందె యాడ నిలుస్తాది?"

తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఇన్నాళ్లూ కాపాడుకుంటున్నానని నా చేత్తో నేనే చెడగొట్టుకున్నాను.

మర్నాడు తెల్లారుతూనే ఒక పోతుపువ్వు తుంచి, రేకులు ఒలిచి, పిందె ఉన్న పువ్వులో మెల్లగా రాశాను. పూలకొచ్చిన వాళ్లకు లేవని చెప్పేశాను. ఒకావిడ మొహం మాడ్చుకుంది. మాడ్చుకోనీ. రోజూ అలాగే రాశాను. నాలుగు పిందెలు పోయాయి. ఒకటి నిలబడింది.

పండగ పోయింది. మేస్త్రీ వచ్చాడు, సిమెంటు బస్తాలూ ఇసుకా దిగాయి. అప్పటికి నా కాయ కొబ్బరికాయంత ఉంది. మా ఆయన దాని ముందు గొంతుక్కూర్చుని తట్టి చూశాడు.

"ఆ మూల వదిలేసి మిగతాది పోయప్పా" అన్నాడు మేస్త్రీతో.

"మూలేంది? మాటంటే మాటే. అడుగు నేల కూడా ఇచ్చేది లేదు" అన్నాను.

మేస్త్రీ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, బస్తాలు తిరిగి ఆటోలోకి ఎక్కించాడు. ఇసుక ఎత్తబోతుంటే ఆపాను. ఇసుక కలిస్తే వాననీళ్లతోపాటు నేలలో ఉప్పు కిందికి దిగిపోతుంది. దాన్ని మట్టిలో కలపమని మా ఆయన చేతికి పార ఇచ్చి, బెండ గింజలు నానబెట్టడానికి లోపలికి వెళ్లాను.