బావి పక్క ముల్లంగి మడి

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి మూడు నాలుగేళ్లయి ఉంటుంది. పెద్దమనిషినైన నెలలోనే నన్ను బడి మాన్పించారు. అప్పటికి ఎనిమిదో తరగతి సగంలో ఉన్నాను. వరంగల్ బజారులో మా బాపుకు పప్పుల దుకాణం. దాని వెనకే మా ఇల్లు. దుకాణం వైపు వెళ్లొద్దన్నారు. ఇక నాకు మిగిలింది వెనక బావి, బట్టలుతికే బండ, వాటి చుట్టూ ఎత్తైన గోడ. సాయంత్రం బడి విడిచాక గోడ అవతల మా క్లాసు పిల్లల మాటలు వినబడేవి. అవి దూరమయ్యేదాకా గోడకు ఆనుకొని నిలబడేదాన్ని.

దసరా వెళ్లాక మా బాపమ్మ, అంటే బాపు తల్లి, కొంగుముడి విప్పి ముల్లంగి విత్తనాలు నా చేతిలో పోసింది.

"ఊకె గోడ దిక్కు సూస్కుంట నిలవడితె పిస్స లేస్తది బిడ్డా. జర మట్టిల చెయ్యి పెట్టు."

బావి పక్క నేలంతా రాళ్లు. తవ్వి, ఏరి, పేడ ఎరువు కలిపాను. వేరే పనేముంది? మొలకలు ఒత్తుగా వస్తే కొన్ని పీకేశాను. ఆ లేతాకు పప్పులోకి పోయింది. మొదటి గడ్డ తెల్లగా, చల్లగా చేతిలోకి వచ్చిన రోజు, బడి మానేశాక మొదటిసారి నవ్వాను. బాపు దాన్ని ఉప్పద్దుకొని కరకర నమిలి, దుకాణానికి వచ్చిన వాళ్లందరికీ చెప్పుకున్నాడు.

ఆ రోజుల్లోనే మా లెక్కల టీచరమ్మ ఇంటికొచ్చింది. నేను వంటింటి తలుపు వెనక నుంచి విన్నాను.

"పిల్ల మంచిగ చదువుతదండి. మెట్రిక్ దాక పంపండి," అన్నదామె.

బాపు కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. చాయ్ ఇప్పించి, నా మడిలోంచి తనే నాలుగు ముల్లంగులు పీక్కొచ్చి ఆమె సంచిలో పెట్టాడు.

"మా బిడ్డ పండించింది టీచరమ్మా. ఇంట్ల గింత మంచిగున్నది. దాని ఫికర్ మీరు పెట్టుకోకుండ్రి."

ఆమె ఒకసారి వంటింటి వైపు చూసి, సంచి పట్టుకొని వెళ్లిపోయింది. పొయ్యి ముందున్న అమ్మ తలెత్తలేదు.

ఆ తర్వాత నేను ఒక్క గడ్డా లాగలేదు. అవి ముదిరి బెండుపట్టాయి. పూత కూడా వచ్చింది.

"ఏమైంది బిడ్డా, ముల్లంగి పెడ్తలేవు?" అన్నాడు బాపు అన్నం తింటూ.

"నన్ను బడికి పంపుతె పెడ్త."

దుకాణంలోంచి ఎవరో పిలిచారు. బాపు చెయ్యి కడుక్కొని వెళ్లిపోయాడు, నేనేమీ అననట్టే.

పూత కాయలైంది. బాపమ్మ లేత కాయలు కోసి పోపు వేసింది. బాపు రెండోసారి అడిగి పెట్టించుకున్నాడు.

"గడ్డ కన్న గిదే మంచిగున్నది గదనే! మస్తు పండించినవ్ బిడ్డా!"

నేను బావి దగ్గరికి వెళ్లి, ఏడుస్తూ రెండు చేతులా మడంతా పీకి పారేశాను. బాపమ్మ వచ్చింది. తిట్టలేదు. బండ మీద కూర్చుంది.

"నా పెండ్లప్పుడు నేను గూడ గిట్లనె ఏడ్సిన. ఎవ్వలు ఇనలే," అన్నది. పీకేసిన ఒక మొక్క వేళ్ల మట్టి దులుపుతూ, "వానలు పడ్డంక ఏం పెడ్తవ్?" అన్నది.

ఏమీ పెట్టలేదు. వానలకు ముందే నెక్కొండలో ఒక కిరాణా దుకాణం వాళ్లింటికి నన్నిచ్చి పెళ్లి చేశారు. ఆ ఇంటికి పెరడే లేదు.