పైకెత్తిన వేలు

ఆ వేసవి చీమకుర్తి బస్సులో నా పక్కన కూర్చున్న పిల్ల, ముందు సీటు కడ్డీకి రెండుచోట్ల పురికొస చుట్టి, "తాతగారూ, మీ వేళ్లు ఇస్తారా?" అంది. పొలాలన్నీ పోయినా, పరాయివాళ్లు చెప్పినట్టు ఆడే అలవాటు మా వంశానికి రాలేదు. అయినా రెండు చూపుడువేళ్లూ ఇచ్చాను. పురికొసను వాటి చుట్టూ లాగేసరికి వంకర చతుర్భుజం ఒకటి తయారైంది.

దాని భుజాల మధ్యబిందువులను కలిపితే సమాంతర చతుర్భుజం వస్తుందని ఆ పిల్ల అంటే, బళ్లో నేనూ చదివానన్నాను.

"ఇప్పుడొక వేలు పైకెత్తండి. ఇది బల్లపరుపుగా లేదుగా, అయినా వస్తుందా?"

వెనక సీట్లోంచి వాళ్ల నాన్న కసిరాడు. "అది పరీక్షలో రాదే. వచ్చే లెక్కలు చూసుకో."

"రాకపోతే నిజం కాకుండా పోతుందా నాన్నా?"

"పెద్దాయనా, మీరు చెయ్యి దించండి. లేకపోతే ఇది ఆగదు."

పిల్ల కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నేను నడుం నిటారుగా పెట్టి, వేలు ఇంకాస్త ఎత్తాను.

"తేలేదాకా దించనండీ."

ఆ పిల్ల ఎదురుమూలల మధ్య దారం లాగి చూసి, బస్సంతా వినేలా అరిచింది. "మధ్యబిందువులు కలిపే అటు గీతా ఇటు గీతా ఈ దారానికే సమాంతరం, దీన్లో సగం! వేలు ఎత్తినా సమాంతర చతుర్భుజమే!"

"అయితే రెండో వేలు కూడా ఎత్తనా?" అన్నాను.