పగలు నీళ్లు తాగని అమ్మ

నా చిన్నప్పుడు మా అమ్మ పగలు నీళ్లు తాగేది కాదు. ఆత్రేయపురంలో మా ఇంటి వెనక కాలవ, ముందు చేలల్లో నీళ్లు, ఎటు చూసినా నీళ్లే. అమ్మ మాత్రం బోర్లించిన కుండ కింద కొబ్బరాకులు ఎగదోస్తూ, పిండిగుడ్డతో పూతరేకులు తీస్తూ సాయంత్రం దాకా ఆ సెగలోనే కూర్చునేది. నేను చెంబు అందిస్తే పెదాలు తడుపుకుని పక్కన పెట్టేసేది. దాహం వెయ్యని మనిషి కాబోలు అనుకునేదాన్ని.

ఒక వేసవిలో అమ్మకి మూత్రంలో మంట, చలిజ్వరం వచ్చి మంచాన పడింది. నీళ్లు బాగా తాగకపోతే ప్రాణం మీదకొస్తుందన్నారు డాక్టరు గారు. నేను బిందె తెచ్చి మంచం పక్కన పెట్టాను. అమ్మ ఏడ్చింది. తాగితే పట్టపగలు కాలవగట్టుకి ఎలా వెళ్తానే పిచ్చిదానా, అంది. మగవాళ్లు తిరిగే గట్టు అది. చీకటి పడితే గాని ఆడవాళ్లు అటు వెళ్లేవారు కాదు.

ఆ వారం మా పక్కింటి అత్త అరుగు మీద పొదుపు సంఘం కూర్చుంది. అప్పు తీసుకునే వంతు అత్తదే. గేదె కొనుక్కోవాలని ఆవిడకి ఎంత ఆశో! అలాంటిది, తన వంతు అమ్మకిచ్చి మరుగుదొడ్డి కట్టించమంది. ఒకావిడ బుగ్గలు నొక్కుకుంది.

"గేదైతే పాలిచ్చుద్ది. దొడ్డేం ఇచ్చుద్దండీ? వాయిదాలెలా కడతారు?"

"మా వదిన నీళ్లు తాగుద్ది," అంది అత్త. "ఒంట్లో ఓపికుంటే రేకులూ అవే వస్తాయి, వాయిదాలూ అవే వస్తాయి. మీలో పగలు కడుపునిండా నీళ్లు తాగేదెవరో చెయ్యెత్తండి, చూస్తాను."

అబ్బ! ఒక్క చెయ్యి లేవలేదు. మా ఊళ్లో ఇంతమంది దాహంతో ఉన్నారని నాకు అప్పుడే తెలిసింది. అడ్డం చెప్పినావిడే ముందుగా సంఘం పుస్తకంలో సరేనని వేలిముద్ర వేసింది.

వంటింటికి అంత దగ్గరా అని నాయనమ్మ గొణిగింది గాని, దొడ్డి పూర్తయ్యాక మొదట వెళ్లిందీ ఆవిడే. మందులకి జ్వరం తగ్గి మళ్లీ రేకులు తీస్తున్న అమ్మ, ఆ మధ్యాహ్నం పొయ్యి దగ్గర నుంచి లేచి, కడవలో చెంబు ముంచి, తల వెనక్కి వాల్చి గటగటా తాగింది. మళ్లీ ముంచింది. నీళ్లు మెడ మీదుగా జారుతున్నా ఆపలేదు. గుళ్లో దేవుణ్ణి చూసినట్టు నిలబడి చూశాను. అత్తకి గేదె మరుసటి ఏడు గాని రాలేదు.

ఇంటికొచ్చినవాళ్లకి ముందు మంచినీళ్లివ్వడం మా వైపు మర్యాద. నేను మాత్రం ఆడమనిషి ఎవరొచ్చినా ముందు బాత్రూం ఎటో చూపిస్తాను. "ఇదేంటమ్మా" అని మా పిల్లలు నవ్వుతారు. నవ్వనీ. నీళ్లు ఆ తర్వాతే ఇస్తాను. అప్పుడైతే గ్లాసు నిండా తాగుతారు.