వాగు ఒడ్డున ఆగిన పిల్ల

మా చిన్నప్పుడు... ఎండాకాలం పొద్దెక్కేసరికి అడవి నుంచి బీడీలు చుట్టే తునికాకు మూటలు దిగేవి. చర్ల అవతల మా ఊళ్లో, పందిరి కింద చుట్టూ కూర్చుని కట్టలు కట్టేవాళ్లం. ఆకు మీద ఆకు పడుతుంటే మా పెద్దమ్మ నోట కథ లేచేది.

ఆమెకు ఒక పట్టింపు. ఖాళీ చేతులకు కథ చెప్పదు. ఎవరి చెయ్యి ఆగినా ఆమె నోరు ఆగేది.

"ఏందిరా, చెవులు తెచ్చి చేతులు ఇంట్ల పెట్టొచ్చినవా? నార పట్టు, అప్పుడు చెప్త."

కొత్త ముక్క చెప్పే ముందు నిన్నటిది మా చేత చెప్పించేది. నేను పులి ఉన్నచోట ఎలుగ్గొడ్డును పెడితే అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

"నీ కథల ఎలుగే వచ్చిందా... రానీ. అది ఏం చేసిందో నువ్వే చెప్పు."

నేను కథ కట్టడం నేర్చుకున్న బడి అదే...

ఒక ఎండాకాలం ఒక పొడుగు కథ మొదలుపెట్టింది. తప్పిపోయిన తమ్ముడిని వెతుక్కుంటూ ఒక పిల్ల అడవంతా తిరిగి, పొంగుతున్న వాగు ఒడ్డుకు చేరింది. అవతలి ఒడ్డు నుంచి తమ్ముడు కేక వేస్తున్నాడు. "రేపు దాటిద్దాం" అంటూ పెద్దమ్మ ఒళ్లో ఆకు దులుపుకుని లేచింది.

ఆ సాయంత్రమే పట్నం నుంచి ఒక బోధకుడు వచ్చాడు. మేం కొత్తగా చర్చి ప్రార్థనలోకి వచ్చినవాళ్లం. అడవి కథలన్నీ సైతాను మాటలని, చెప్పిన నోరు కడుక్కోవాలని ఆయన గర్జించాడు. పెద్దమ్మ నిజంగానే చెంబు తీసుకుని వెళ్లి నోరు కడుక్కుంది.

మర్నాడు పందిరి కింద ఆకుల చప్పుడొక్కటే...

"పెద్దమ్మా, ఆ పిల్ల వాగు దాటిందా?"

"పాపమట బిడ్డా. పని చూడు."

తర్వాత నేనూ వాక్యం చెప్పేవాణ్నయ్యాను. బడికి పోకపోయినా కూడబలుక్కుని చదవడం నేర్చాను. చదివినకొద్దీ కడుపు మండింది. విత్తనాలు చల్లినవాడు, తప్పిపోయిన గొర్రె, ఇల్లు వదిలిన కొడుకు... ప్రభువు చెప్పినవీ కథలే కదా. ఆ బోధకుడు ఏ పేజీ చదివి మా పెద్దమ్మ నోరు కడిగించాడు?

గ్రంథం పట్టుకుపోయి ఆమెకు అవన్నీ చదివి వినిపించాను. ఇప్పుడైనా ఆ పిల్లను దాటించమన్నాను. చివరిదాకా విన్నది.

"అవ్, మంచిగున్నయి బిడ్డా. గీ ముక్క అప్పుడే చదవకపోతిరి... ఇప్పుడు ఆ పిల్ల ముఖం సుత యాదికొస్తలేదు."

ఆ వానాకాలంలోనే పెద్దమ్మ పోయింది.

ఇప్పుడు నేనూ కథలు రాస్తానని తెలిసి, రాయాలనుకునే పిల్లలు నన్ను అడుగుతారు, "అన్నా, కథలు ఏడ దొరుకుతయి?" అని. కోపంగానే చెబుతాను... ఫోను పక్కన పెట్టు. చేతికి పని పెట్టుకుని ఒక ముసలామె దగ్గర కూర్చో. విన్నది మర్నాడు నీ నోటితో చెప్పు. తప్పిపోతే ఆ తప్పు వెంటే నడువు.

మా ఊళ్లో ఆకు ఇంకా వస్తోంది. కట్టలు కట్టే చేతుల పక్కన ఫోన్లు పాడుతుంటాయి. ఆ పిల్లను దాటించాలని నేను రాయడానికి కూర్చుంటూనే ఉన్నాను. వాగు తగ్గడం లేదు...

మీ ఇంట్లో ఎవరైనా ఒక కథను సగంలో ఆపి ఉంటే, దీని కింద కామెంటు రాసే ముందు లేచి వెళ్లి వాళ్లను అడగండి. వాళ్లకు ఇంకా ఆ ముఖాలు గుర్తుండగానే...