అమ్మను మిస్ అని పిలిచిన ఆట

మా అన్న ఫోన్ చేసి, "పాత కంప్యూటర్ ఎవరికో ఇచ్చేస్తాండా, నీవేమన్నా ఉంటే వచ్చి తీసుకో పాపా" అన్నాడు. ఆదివారం పొద్దున్నే కడపలో బస్సెక్కి కర్నూలు పోయినా. అమ్మ పోయి అప్పటికి ఏడాది దాటింది. అక్కడ కల్లూరులో మా పుట్టింటికి ఆ తర్వాత రెండుసార్లో మూడుసార్లో వచ్చింటా. వచ్చినప్పుడల్లా ఏడుస్తానేమోనని అందరూ నా మొగమే చూస్తారు. ఏడుపు రాదు. ఏమీ అనిపించదు, అంతే. దానికి నేనేం చేసేది?

కంప్యూటర్ ముందరి గదిలోనే ఉండాది. కుర్చీ మాత్రం లేదు, అంగడికి తీసుకపోయినారంట. నిలబడే స్విచ్చి వేసినా. నా కాలేజీ నోట్సు, పెండ్లి ఫోటోలు సీడీకి ఎక్కించుకుంటాంటే తెరమీద ఒక మూల పియానో బొమ్మ కనిపించింది. ఈ ఆట ఇంకా ఉండాదా అనుకున్నా. దాన్ని పూర్తిగా మర్చిపోయినా.

కంప్యూటర్ పుస్తకంతో ఊరికే ఇచ్చిన సీడీలో వచ్చిందది. ఎవరో తెల్లోళ్లు ఎప్పుడో కట్టిన పియానో పాట మోగుతాంటే, నల్ల తెరమీద పైనుంచి తెల్ల బిళ్లలు నాలుగు వరసల్లో దిగొస్తాయి. కింది గీత దగ్గరికి బిళ్ల రాగానే ఆ వరస బటన్ నొక్కాల. సరిగ్గా నొక్కితే స్వరం పలుకుతాది. ముందో వెనకో అయితే పలకదు, ఎర్రటి ఇంగ్లీషు అక్షరాలతో 'మిస్' అని పడతాది.

నేను డిగ్రీ ఆఖరు సంవత్సరంలో ఉన్నప్పుడు అమ్మకు పక్షవాతం వచ్చింది. కాలు నెల్రోజుల్లో బాగైంది గానీ కుడిచెయ్యి మొద్దుబారిపోయింది. గిచ్చినా తెలిసేది కాదు. వేళ్లు ఎంత ఆడిస్తే అంత మంచిదని డాక్టరు చెప్పి, పిసకమని ఒక రబ్బరు బంతి ఇచ్చినాడు. అమ్మ రెండ్రోజులు పిసికి, "ఏం పనీ పాటా లేదా నాకు" అని దాన్ని మంచం కిందికి దొర్లించేసింది. అప్పుడు నాకీ ఆట మతికొచ్చింది. ఆమె నాలుగు వేళ్లు నాలుగు బటన్ల మీద పెట్టి కూచోబెట్టినా.

మొదటిరోజు ఒక్కటీ తగల్లేదు. తెరంతా మిస్, మిస్, మిస్. బద్వేలులో ఏడో తరగతి దాంకా చదివిన మనిషి, ఆ అక్షరాలను కూడబలుక్కోని చదివింది. నా పక్కకు తిరిగి, మొగమంతా నవ్వు చేసుకోని, "పాపా, ఇది నన్ను మిస్ అంటాండాదే!" అనింది.

మా బళ్లో పంతులమ్మను మిస్ అనే పిలిచేది. టీచరు కావాలని అమ్మకు ఎంత ఆశ ఉండెనో ఇంట్లో అందరికీ తెలుసు. ఆ చదువు చదవకముందే మా నాయన అంగడింటికి కోడలై వచ్చేసింది. అందుకే నేను కాదనలా. "అవునమ్మా, నువ్వు పెద్దదానివి కదా" అన్నా.

ఇంగ ఆ పొద్దు నుంచి చూడాల ఆమెను! మిస్ అని పడినప్పుడల్లా, క్లాసులో పిల్లోళ్లు లేచి నిలబడి పిలిస్తే పలికినట్టు, "ఆఁ, కూచో" అనేది. మళ్లీ మిస్. "ఆఁ, కూచో." వంటింట్లో నాకు నవ్వాగేది కాదు. పదైదు రోజులకు వేళ్లు కదిలినాయి. నెలకు చూపుడువేలు సరిగ్గా పడబట్టె. ఒకరోజు మూతి ముడుచుకోని, "ఈపొద్దు శానా తక్కువసార్లు పిలిచినాదే పాపా, నా మీద అలిగిందా ఏమి?" అనింది. అలిగేదేముంది, చెయ్యి వస్తాండాది! ఇంకో రెండు నెలలైతే తన అన్నం తనే కలుపుకుంటాది అనుకున్నా.

దాన్ని పాడుచేసింది నేనే. పక్కింటామె, ఇంగ్లీషు మీడియం బళ్లో చెప్పే ఆమె కూతురు ఒక సాయంత్రం వచ్చినారు. "మీ అమ్మాయిని బళ్లో పిల్లోళ్లు మిస్ అంటారు కదా వదినా, మా కంప్యూటరు నన్ను గూడా మిస్ అంటాది" అని అమ్మ గొప్పగా ఆడి చూపించింది. ఆ పిల్ల నోటికి చున్నీ అడ్డం పెట్టుకోని నవ్వబట్టె. నాకు తల కొట్టేసినట్టయింది. ముందే నాకు ముక్కుమీద కోపం, ఆ పిల్లను ఏమీ అనలేక అమ్మ మీద పడినా. "అది నిన్ను టీచరనడంలా అమ్మా! నువ్వు తప్పు కొట్టినప్పుడల్లా తప్పిందని చెప్తాండాది. మిస్ అంటే ఈడ అదీ అర్థం!"

"ఓ, అట్లనా" అనింది అమ్మ. కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి ఒళ్లో పెట్టుకునింది. వాళ్లకు కాఫీ తెమ్మని నాకు చెప్పింది.

మరుసటిరోజు ఆడదాం రమ్మంటే కండ్లు మండుతాండాయనింది. ఆ మర్నాడు నడుంనొప్పి. బతిమాలినా, కసురుకున్నా, నీతో చచ్చేదుండాది అని కూడా అనేసినా. రాలేదు. వేళ్లు మళ్లీ బిగుసుకుపోయినాయి. నాకు పెండ్లయి కడపకు పోయినా. రెండోసారి పక్షవాతం వచ్చి పోయేదాంకా ఆమె ఎడమచేత్తో స్పూన్ పట్టుకోనే తినింది. నన్ను ఒక్క మాటా అనలేదు. అనింటే బాగుండు.

ఆ ఆదివారం ఆట తెరిచినా. అదే పాట. నా వేళ్లకు అంతా జ్ఞాపకముండాది, ఒక్క బిళ్లా తప్పలా. పాట సగంలో చెయ్యి వెనక్కి తీసేసినా. బిళ్లలు వాటంతటవి దిగిపోతాండాయి. మిస్. మిస్. మిస్.

"కాళ్లు నొయ్యవా పాపా, పక్కింట్లోంచి కుర్చీ తెస్తా ఉండు" అని మా అన్న లోపల్నుంచి కేకేసినాడు. వద్దన్నా. తెర పిలుస్తానే ఉండాది. కూచో అనాల్సిన మనిషి లేదు. పాట అయిపోయేదాంకా నేను నిలబడే ఉన్నా.