కుడివైపు మాత్రమే దారం

మాదాపూర్‌లో గుండ్రటి పెద్ద భవనం కొత్తగా లేచిన రోజులు. చుట్టూ బండలు పేల్చిన దుమ్ము మా ఆఫీసు అద్దాల మీదే కాదు, నోట్లో కూడా కరకరలాడేది. కొత్తగూడలో అద్దెకుండేవాళ్ళం. అక్కడి చౌరస్తా దగ్గర ఒక పళ్ళ డాక్టరు బోర్డు పెట్టాడు. చిగురు వాచి నేను వెళితే, నా నోట్లో అద్దం పెట్టి చూసి, తలుపు తెరిచి ఉండగానే, బయట మా ఆఫీసు వాళ్ళు కూర్చుని వింటుండగానే అడిగాడు.

"పిన్నీసుతో గుచ్చుకుంటారాండీ?"

బయటి నుంచి నవ్వు వినిపించింది. దాన్ని నేను ఈరోజుకీ మరిచిపోలేదు. భోజనమయ్యాక ఆడవాళ్ళ గాజులకు వేలాడే పిన్నీసు అడిగి తీసుకుని పళ్ళ సందులు తీసుకోవడం మా ఇంట్లో మా నాన్న నాటి నుంచీ ఉన్నదే. అది ఈయనకెలా తెలిసింది? అంతకు కొద్దిరోజుల ముందే నా భార్య ఆయన దగ్గరికి వెళ్ళింది. నిలదీస్తే, "నా పంటి నొప్పి చెప్పుకోవడానికే సరిపోయిందండీ, మధ్యలో మీ పిన్నీసు ఊసెందుకు?" అంది. నేను నమ్మలేదు.

కింది దవడలో రెండువైపులా చివరి పళ్ళ దగ్గర చిగుళ్ళు వదులవుతున్నాయట. రోజూ పడుకునే ముందు పళ్ళ సందుల్లో దారం లాగకపోతే ఆ పళ్ళు దక్కవట. ఆ దారమేమో ఏ మందుల షాపులోనూ లేదు, ఆయన సొరుగులోనే ఉంది. ఇంకేం కావాలి అనుమానానికి? అయినా కొన్నాను. కుడివైపు మాత్రమే దారం వాడతాను, ఎడమవైపు పిన్నీసుతోనే సరిపెడతాను, ఎవరి మాట నిజమో నా పళ్ళే చెబుతాయి అనుకున్నాను. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

మా వాష్‌బేసిన్ వరండాలో ఉండేది. మెట్ల మీద కూర్చునే ఇంటి ఓనరు తొలిరోజే చూశాడు. "ఏంది సారూ, నోట్లకెల్లి పతంగి ఎగరేస్తున్నవా?" అన్నాడు. ఆ ఎగతాళిని కూడా డాక్టరు ఖాతాలోనే రాసుకున్నాను.

కుడివైపు రక్తం వచ్చింది. నాకు కావలసింది దొరికిందని వెళ్ళి డాక్టరుతో గొడవపడ్డాను. ఆయన తొణకలేదు. రక్తం వాపు వల్ల వస్తోందని, నేను రంపంతో కోసినట్టు లాగడం వల్ల ఎక్కువైందని అన్నాడు. దారాన్ని మెల్లగా సందులోకి దించి, ఒక పంటికి చుట్టినట్టు వంచి, చిగురు అంచు దాకా జార్చి, పంటిని రుద్దుతూ పైకి తేవాలి. తర్వాత అదే సందులో పక్క పంటికీ అలాగే చెయ్యాలి. ఇదంతా మొదటిరోజే చెప్పొచ్చుగా? చెప్పలేదు.

పట్టుదలకు పోయి కుడివైపు ఒక్క పూట కూడా వదల్లేదు. ఆఫీసులో ఆలస్యమైనా, జ్వరం వచ్చినా దారం లాగకుండా నిద్ర పట్టేది కాదు. మెల్లగా రక్తం ఆగింది. చిగురు గట్టిపడింది. ఇది దుమ్ము తగ్గడం వల్ల కూడా కావచ్చని చాలాకాలం అనుకున్నాను.

వానాకాలంలో ఎడమవైపు దవడ వాచిపోయింది. చివరి పన్ను నాలుకతో తోస్తే కదులుతోంది. డాక్టరు రెండువైపులా మార్చి మార్చి చూశాడు.

"ఇటువైపు ఎందుకు వదిలేశారండీ?"

"మీ మాట నిజమో కాదో తేలాలి కదా."

 ఈసారి ఆయనే లేచి తలుపు వేసి వచ్చాడు.

"తేల్చుకోవడానికి మీ పన్నే దొరికిందా అండీ?" అన్నాడు.

పన్ను తీసేశాడు. ఆ రాత్రి నుంచే మిగిలిన పళ్ళన్నిటికీ దారం వాడుతున్నాను, ఒక్కరోజూ మానలేదు. కానీ ఆ పన్ను పీకాల్సిందేనా అన్న అనుమానం మాత్రం నాకింకా తీరలేదు. ఆ రోజు ఇంకో డాక్టరుకు చూపిస్తానని నేను నోరు తెరిచి చెప్పబోయేసరికి, ఆ తెరిచిన నోట్లోనే ఆయన మత్తు సూది దించేశాడు.